ఆముదం పూసిన బెల్టు

నా చిన్నప్పుడు మా గల్లీలో ఎవరికీ కోడికూతతో పని ఉండేది కాదు. మా బాపు కారు ఉండేది. దబీర్‌పురా స్టేషనుకు మొదటి రైలు రాకముందే బాపు టాక్సీ బయటికి తీసేవాడు. తాళం తిప్పగానే ఇంజను ముసలివాడిలా రెండు సార్లు దగ్గేది. ఆ వెంటనే బానెట్ లోపలి నుంచి కీచుమని ఒక అరుపు లేచేది. గల్లీ మొగదాకా వెళ్ళినా ఆ అరుపు ఆగేది కాదు. పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఎదురింటి పెద్దాయన వరండాలో నిలబడి బాపును, బాపుకు ఆ కారు అంటగట్టినవాణ్ణి కలిపి తిట్టేవాడు. బాపు తలవంచుకుని పోయేవాడు.

ఆ కారు వయసు నా వయసుకు రెండింతలు. స్టీరింగు ముందు ఉండే మీటర్లలో ఒక్కటీ పనిచేసేది కాదు. ఇంజనులో నీళ్ళు కాగితే చెప్పవలసిన ముల్లు ఎప్పుడో పడుకుంది. బెల్టు సరిగా తిరగకపోతే వెలగవలసిన ఎర్రబల్బు మాడిపోయింది. తన బాధ చెప్పుకోవడానికి ఆ కారుకు మిగిలింది ఆ అరుపొక్కటే. ఇంత మాట ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు నాకు పదేళ్ళు, అన్నీ తెలుసనుకునే వయసు.

మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ, ఇద్దరికీ కలిపి ఒకటే బావి. పక్కింటి అక్క నల్లగొండ వైపు నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. నాకు జడలు వేసేది, లెక్కలు చెప్పేది, నేను తప్పు చేస్తే నవ్వేది. అంతకు ముందు ఏడు ఆమెకు ఏడో నెలలో కాన్పయి బిడ్డ దక్కలేదు. ఈసారి తొమ్మిదో నెల, నిండుగా ఉంది. రాత్రంతా నిద్ర పట్టక, తెల్లవారుజామున కాస్త కన్ను మూతపడే సమయానికి గోడ అవతల మా కారు అరిచేది. అయినా ఒక్కనాడూ విసుక్కోలేదు. "మీ బాపు బండి అరుస్తే చాలు, లోపల ఇది తంతది చూడు" అని ఒకరోజు నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. నిజంగానే తన్నింది. నా అరచేతికి తగిలింది. ఆ కళ్ళ కింది నలుపు చూసి, అక్కను ఎలాగైనా నిద్రపోనివ్వాలని ఆ పూటే అనుకున్నాను.

మా బావి గిలక కూడా కీచుమనేది. అది అరిచినప్పుడల్లా అమ్మ కోడి ఈకను ఆముదంలో ముంచి గిలక ఇరుసుకు రాసేది. వెంటనే గిలక నోరు మూసేది. ఆ ఈక ఎప్పుడూ బావి గట్టు గూట్లోనే ఉండేది. బాపు సాయంత్రం రాగానే వేడి పోవడానికి బానెట్ తెరిచి ఉంచేవాడు. లోపల గిలకల లాంటి చక్రాలు మూడు, వాటి చుట్టూ చేదతాడులా ఒక నల్లటి బెల్టు. నాకు ఇంకేం కావాలి? ఒక సాయంత్రం బాపు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళగానే ఆముదం సీసా, ఈక తెచ్చి చెయ్యి అందినంత మేర బెల్టుకూ చక్రాలకూ పట్టించాను. ఒక చక్రానికి బిగించి ఉన్న ఫ్యానును చేత్తో తిప్పి, అందని మేరను ముందుకు తెచ్చి దానికి కూడా పూశాను. పని చేస్తే శుభ్రంగా చేయాలని అమ్మ నేర్పింది కదా.

మర్నాడు పొద్దున కారు అరవలేదు. బాపు ఒకసారి దిగి ముందు నుంచి చూసి, నమ్మలేనట్టు మళ్ళీ ఎక్కాడు. "దానంతట అదే కుదిరింది" అని అమ్మతో అన్నాడు. ఎదురింటి పెద్దాయనకు ఆ రోజు తిట్టడానికి ఏమీ దొరకలేదు. అక్క పొద్దెక్కాక బావి దగ్గరికి వచ్చి, "ఇయ్యాల మస్తు నిద్ర పట్టింది" అని ఒళ్ళు విరుచుకుంది. నేను చేసినట్టు ఎవరికీ చెప్పలేదు. కడుపు నిండా గర్వం పెట్టుకుని తిరిగాను. నా జీవితంలో నేను అంత సంతోషంగా ఉన్న పూటలు తక్కువ. ఆ పూటను తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు మధ్యాహ్నమే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మే నెల ఎండ. బాపుకు ఆ రోజు దొరికింది స్టేషను దాకా ఒక్క చిన్న బేరమే, అది వేసి వచ్చి ఉన్నాడు. ఆసుపత్రికి పోవడానికి వెనక సీట్లో అక్కను మధ్యలో కూర్చోబెట్టి ఒకవైపు మా అమ్మ, ఒకవైపు ఆమె అత్తగారు ఎక్కారు. బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని నేను ముందు కూర్చున్నాను. కారు ఒక్క చప్పుడు చేయకుండా కదిలింది. ఆ రోజు అరిచింది అక్క ఒక్కతే. నొప్పి వచ్చినప్పుడల్లా వెనక నుంచి నా భుజం పట్టుకుని పిసికేది.

చాదర్‌ఘాట్ వంతెన సగం దాటామో లేదో, బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. ఇంజను రెండు సార్లు కొట్టుకుని ఆగిపోయింది. బాపు కంగారులో గుడ్డ కూడా చుట్టుకోకుండా రేడియేటర్ మూత తిప్పాడు. మరిగిన నీళ్ళు ఎగజిమ్మి ముంజేతి తోలు లేచిపోయింది. అయినా ఆ చేత్తోనే వంతెన మీద పోయే ప్రతి బండినీ ఆపబోయాడు. ఒక లారీ ఆగలేదు, ఒక కారు ఆగలేదు, జనం మాత్రం మూగారు. ఎంతసేపు అలా నిలబడ్డామో చెప్పలేను, నాకు అది ఇంకా అయిపోలేదు. చివరికి ఒక సైకిల్ రిక్షా దొరికింది. అక్క, అత్తగారు ఎక్కారు. అమ్మ రిక్షా పట్టుకుని పక్కనే పరుగెత్తింది. బట్టల మూట నా ఒళ్ళోనే ఉండిపోయిందని వాళ్ళు పోయాక చూసుకున్నాను.

పొద్దు వాలే వేళకు అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి ఒక్కతే నడిచి వచ్చింది. "ఆడపిల్ల. నిండుగ, బొద్దుగ ఉండె. ఊపిరే లేదు" అని గడపలోనే కూలబడింది. నేను లోపలికి వెళ్ళి ఆముదం సీసాను బియ్యం డబ్బా వెనక దాచాను.

ఆ తర్వాత రోజుల్లో నేను అన్నం తినలేదు, మాట్లాడలేదు. పిల్ల జడుసుకుందని అమ్మ నన్ను దర్గాకు తీసుకుపోయి నెమలీకలతో దులిపించి, మెడలో తాయెత్తు కట్టించింది. అది కట్టినంతసేపూ నేను ఏడవలేదు. దోషం నాలో ఉంటే తాయెత్తు ఏం చేస్తుందనిపించింది.

నాలుగో రోజు అక్కను ఇంటికి తెచ్చారు. అప్పటికే గల్లీలో మాట పుట్టింది. పుట్టించింది అత్తగారే. ఆమె చెడ్డ మనిషని చెప్పలేను. ఇద్దరు మనవలు పోయిన మనిషి, తప్పును ఎవరి మీదో ఒకరి మీద పడేయకపోతే నిలవలేకపోయింది. "మొదటిది గట్లాయె, ఇది గిట్లాయె. ఇన్నేండ్ల సంది నడుస్తున్న బండి, ఇది ఎక్కంగనే ఆగిపాయె. దీని పాదం గసొంటిది" అని బావి గట్టు మీద అందరూ వినేలా అనేది. కారు ఆగిపోవడమే ఆమెకు పెద్ద రుజువు. వినేవాళ్ళు కూడా తల ఊపారు. అక్క భర్త మిల్లు నుంచి వచ్చి, తల్లి మాటలు విని, ఎదురు చెప్పకుండా పడుకునేవాడు. ఆదివారం అక్క అన్న వచ్చి ఆమెను తీసుకుపోవాలని, మళ్ళీ ఆమెను పిలవబోరని తేల్చేశారు. పచ్చి బాలింతను ఎలా పంపుతారని మా అమ్మ అడిగితే, "బిడ్డ ఉంటె కదా బాలింత" అంది అత్తగారు. గోడ అవతల నుంచి అక్క గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు.

ఇంతలో శుక్రవారం నమాజు ముగించుకుని మిస్త్రీ చాచా వచ్చాడు. మా వీధి చివర రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే ముసలాయన. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన బతికి చెవులు రెండూ పోగొట్టుకున్నాడు. పెదవులు చూసి మాట అర్థం చేసుకునేవాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది, దానికి జనం చిరాకుపడేవారు కూడా. బండిలో జబ్బేమిటో నోటితో చెప్పేవాడు కాదు. దాని తాలూకు మనిషి చేతిని ఆ జబ్బు మీద పెట్టించి, వాడి నోటితో చెప్పించాకే పానా పట్టేవాడు.

వంతెన మీద నుంచి నలుగురు తోసుకొచ్చి మా వాకిట్లో నిలబెట్టిన కారు బానెట్ తెరిచి, చాచా ఫ్యానును ఒకసారి ఊపి చూసి, బెల్టును వేలితో రాశాడు. వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నిదానంగా తల తిప్పి బావి గిలక వైపు చూశాడు, గూట్లో ఉన్న కోడి ఈకను చూశాడు, ఆఖరున నన్ను చూశాడు. ఆయన బాపుతో నా సంగతి ఎత్తకుండా, కొత్త బెల్టు, వాటర్ పంపుకు బేరింగు కావాలని చెప్పి అఫ్జల్‌గంజ్‌కు పంపించేశాడు.

"బేటీ, గిట్ల రా" అన్నాడు.

బకెట్టులో సబ్బునీళ్ళు తెప్పించాడు. బెల్టును నా చేతనే కడిగించాడు, చక్రాలను కిరోసిన్ గుడ్డతో తుడిపించాడు. గుడ్డకు అంటిన ఆముదం వాసన ఇద్దరి మధ్యా ఉంది. రేడియేటర్‌లో నీళ్ళు నింపి ఇంజను నడిపించాడు. అంతే, ఆ పాత అరుపు వాకిలంతా లేచింది. చాచాకు వినపడదు. నా మొహం చూసి, "వచ్చింది కదా" అన్నాడు. నేను గోడ వైపు చూశాను. ఇప్పుడు ఆ అరుపుకు లోపల తన్నేవాళ్ళు ఎవరూ లేరు.

దోసెడు నీళ్ళు బెల్టు మీద చల్లమన్నాడు. చల్లితే అరుపు ఇంకా పెరిగింది. అలా పెరిగితే బెల్టు జారుతున్నట్టని చెప్పాడు. ఇంజను ఆపి, డైనమో బోల్టు సడలించి, బెల్టును గట్టిగా బిగించి మళ్ళీ నడిపాడు. బిగించినా అరుపు పోలేదు. "టైటు చేసినంక గూడ అరుస్తుందంటె, లోపల ఎవడో దాన్ని పట్టుకుని తిరగనిస్తలేడు" అన్నాడు. జేబులోంచి కర్రపిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. దాని కొసను వాటర్ పంపు మీద ఆనించి, పిడిని పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెవులు పోయాక ఆయన వినేది అలాగే. తర్వాత పిడి తుడిచి నాకిచ్చాడు, చెవులు మూసుకోమని సైగ చేశాడు. పళ్ళతో పట్టుకోగానే నా పుర్రె లోపల ఇసుక కలిసిన తిరగలి తిరుగుతున్నట్టు గరగరమంది. అంత బాధ ఆ ఇనుములో ఉందని నాకు అంతవరకు తెలియదు.

ఇంజను ఆపి బెల్టు ఊడదీశాడు. ఫ్యాను తిప్పమన్నాడు. తిప్పితే ఒకచోట పట్టేసింది, ఇంకోచోట లొడలొడా ఊగింది. పంపు బేరింగు అరిగిపోయి బిగుసుకుపోతోంది. అది తిరగనంటుంటే బెల్టు దాని మీద ఒరుసుకుని అరుస్తోంది. నేను ఆముదం పూశాక బెల్టు అరవడం మానేసి మెత్తగా జారడం మొదలుపెట్టింది. పంపు తిరగలేదు, ఫ్యాను తిరగలేదు, నీళ్ళు మరిగాయి. ఇది ఆయన చెప్పలేదు. నా చేయి ఫ్యాను మీద ఉండగా నేనే చెప్పాను, వెక్కుతూ చెప్పాను.

చాచా పంపును ఊడదీసి, వాకిట్లో గోనెసంచి పరిచి దాని మీద మూడు వస్తువులు పెట్టాడు. ముందు బెల్టు చూపించాడు.

"ఇది నీది. బండి ఏదో చెప్తుంటె నువ్వు దాని నోరు మూసినవ్. ప్యార్‌తోని మూసినవ్, నాకు ఎరుకే. మూసింది మాత్రం నువ్వే."

తర్వాత పంపు. "ఇది మీ బాపుది. దీంట్లకెళ్ళి నీళ్ళు కారుతున్నయని ఆయనకు రెండు నెలల సంది ఎరుకే. కింద డబ్బా పెట్టి, పొద్దుగూకంగనే మళ్ళ నింపుకుంట తిరిగిండు."

మూడోది ఆయన స్క్రూడ్రైవరే. "ఇది నాది. పోయిన నెల మీ బాపు నా దగ్గరికి వచ్చిండు. నాకు జ్వరముండె. దీన్ని తీసి వినలే. ఊకె బెల్టు బిగించి పంపిన."

నేను అడిగాను, అక్క బిడ్డ నా వల్లే చచ్చిపోయిందా అని. ఆయన నా పెదవులు చూసి, చేతుల నూనె గుడ్డకు తుడుచుకున్నాడు. పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పే అబద్ధం ఒకటి చెబితే బాగుండునని ఎంత ఆశపడ్డానో.

"అది అల్లాకు ఎరుక, డాక్టరమ్మకు ఎరుక. బండి ఎందుకు ఆగిందో నాకు ఎరుక. ఎరుకున్నదే చెప్త." గోనెసంచి వైపు వేలు చూపించాడు. "గీ మూడిట్ల ఆ పక్కింటి కోడలిది ఏమన్న ఉన్నదా? మంచిగ చూసి చెప్పు."

చూశాను. బెల్టు, పంపు, స్క్రూడ్రైవర్. లేదన్నాను.

"మరి మొత్తం ఆమె నెత్తి మీద ఎందుకున్నది?"

పక్కింటికి వెళ్ళి చెప్పమని మాత్రం ఆయన అనలేదు. బాపు తిరిగి వచ్చాక చాచా బాపు చేతిని కూడా పంపు మీద పెట్టించి, అదే గోనెసంచి ముందు కూర్చోబెట్టాడు. ఆముదం సంగతి నేనే చెప్పాను, బాపు నన్ను కొడతాడనుకున్నాను. కాలిన చెయ్యి గుడ్డలో చుట్టుకుని, ఆ మూడు వస్తువులనూ చూస్తూ, నేను ఎన్నడూ చూడనంత చిన్నగా అయిపోయాడు. కొంతసేపటికి లేచి, మంచి చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

ముగ్గురం పక్కింటి గడప ముందు నిలబడ్డాం. ముందు నేను చెప్పాను, ఈక సంగతి, ఆముదం సంగతి. తర్వాత బాపు చెప్పాడు, నీళ్ళ డబ్బా సంగతి. చివర చాచా తన జ్వరం సంగతి చెప్పాడు. వినపడని మనిషి కాబట్టి గల్లీ అంతా వినేంత గట్టిగా చెప్పాడు. లోపల మంచం మీద అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరగలేదు. అత్తగారు నన్ను చూసిన చూపు ఈ వయసులో కూడా నన్ను నిద్రలేపుతుంది. "బండి సంగతి గదే అనుకుందాం, మరి మొదటి కాన్పు సంగతేంది?" అని తలుపు వేసేసింది. ఆమె మనసు మారలేదు. నేను నిజం చెబితే అందరూ కళ్ళు తుడుచుకుని అక్కను ఉంచుకుంటారనుకున్నాను. అలా జరగలేదు.

ఆదివారం పొద్దున అక్క అన్న వచ్చాడు. రిక్షా పిలవడానికి వెళ్ళబోతుంటే అక్క గడపలో నిలబడి, "నేను ఆ బండిలనే పోత" అంది మా కారు చూపించి. బాపు పరుగున వెళ్ళి తలుపు తీశాడు. వెనక సీట్లో తన పక్కన నన్ను కూడా కూర్చోమంది అక్క. కొత్త బేరింగు, కొత్త బెల్టు. కారు అరవలేదు. ఈసారి నిజంగా అరవవలసిన అవసరం లేక అరవలేదు.

వంతెన రాగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. కడుపు మీద పెట్టుకున్నప్పటి చెయ్యే. బాపు ఎంత మెల్లగా నడిపాడో, ఎడ్లబండి మమ్మల్ని దాటిపోయింది. నది మీద గాలి వేడిగా ఉంది. మేము ఆగినచోటు వచ్చింది, పోయింది. వంతెన దిగిపోయాం. అక్క నావైపు చూడకుండా అంది.

"నీ మీద నాకు కోపం పోలే. ఎప్పుడు పోతదో ఎరుక లేదు. గని నువ్వొచ్చి చెప్పకుంటె, నా పాదమే గసొంటిదని నేను గూడ నమ్ముతుంటి."

బస్టాండులో దిగి వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ మా గల్లీకి రాలేదు. ఏమైందో, ఎక్కడుందో నాకు తెలియదు. ఆమె కోపం పోయిందో లేదో కూడా తెలియదు. అడిగే హక్కు నాకు లేదనుకుంటాను.

నాకిప్పుడు మనవరాళ్ళున్నారు. ఇంట్లో ఏదైనా చెడిపోయినా, ఎవరైనా పోయినా, అందరి వేళ్ళూ ఒక మనిషి వైపు తిరిగినప్పుడు నేను ఆ గోనెసంచి పరుస్తాను. ఇందులో ఈమెది ఏముందో చూపించమంటాను. ముసలిదానికి చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ. నా వాటా బెల్టు మాత్రం నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ఇంకొకరిది తెచ్చి దానికి కలపలేదు. ఏ ఇంట్లోనైనా నిండు నెలల పిల్ల నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకోబోతే, ముందు ఆ చెయ్యి కడుక్కుని వస్తాను.